కృష్ణ పెట్టుకున్న టోపి ఎవరిది?

నాకు పదేండ్లున్నప్పుడు మా ఊర్ల గణేశ్ పందిరి కాడ టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి తెల్లందాక సినిమాలు ఏసేటోళ్లు. ఒక రాత్రి ‘మోసగాళ్లకు మోసగాడు’ పడ్డది. కృష్ణ గుర్రం మీద, నెత్తిన ఎడల్పు టోపి, నడుముకు తుపాకి. పిల్లగాండ్లమంత ఈలలే ఈలలు. తెల్లారి చాయ్ హోటల్ కాడ మా ఊరి సారు ఒక్క మాటతోని మా గాలి తీసిండు. "గదంత అమెరికోళ్ల కాపీ రా. మనోళ్లకు సొంత బుర్ర ఏడున్నది?" అన్నడు.

ఆ మాట శాన ఏండ్లు నా మనసుల ముల్లు లెక్క ఉండిపోయింది. అమెరికోళ్లు పుట్టిస్తరు, మనం కాపీ కొడ్తం. గిదే నిజమనుకున్న. ఇంటర్ కాడ సదువు ఆగిపోయినోణ్ని, సినిమా చరిత్ర నాకు ఎవలు చెప్పాలె? పట్నం వచ్చినంక ఒక దోస్తు ఇచ్చిన డీవీడీల కట్టల ‘యోజింబో’ అనే జపాన్ సినిమా దొరికింది. 1961ల వచ్చిన తెలుపు నలుపు సినిమా. అందుల ఒక దిక్కులేని సమురాయ్ భుజాలు ఎగరేసుకుంట, నోట్లె పుల్ల నములుకుంట ఒక ఊర్లెకు వస్తడు. ఊర్ల రెండు ముఠాలు. రెండింటికీ తగులవెట్టి నడుమల నిలవడి చూస్తడు. పావుగంట గడిచిందో లేదో నేను లేచి కూసున్న. గీ నడక నాకు తెలుసు. గీ వాలకం నాకు తెలుసు. తెలుగు గుర్రం మీద చిన్నప్పుడే చూసిన.

అమెరికాది అనుకున్న టోపి కిందున్న మనిషి జపానోడు.

గప్పటికెల్లి ఈ లెక్క తీస్తనే ఉన్న. అమెరికా సినిమా, మన ఆసియా సినిమా ఒకదాన్నొకటి ఏం ఇచ్చుకున్నయి, ఏం తీసుకున్నయి? పేపర్లల్ల దీన్ని "సాంస్కృతిక వినిమయం" అని రాస్తరు. చాలా ఇంపుగ ఉంటది ఆ మాట, ఇరుగు పొరుగు ఆడోళ్లు కూర గిన్నెలు మార్చుకున్నట్టు. కథల వరకైతే నిజంగనే గట్లనే జరిగింది, నాకేం పేచీ లేదు. పేచీ వేరే కాడున్నది. గిన్నె మీద ఎవరి పేరున్నది, కూర అమ్మిన పైసలు ఎవరి సంచిల పడ్డయి అన్న కాడ.

ముందుగాల కురొసావా ముచ్చట చెప్పాలె. ‘యోజింబో’ తీసిన అకిర కురొసావా 1910ల టోక్యోల పుట్టిండు. ఆయనకు సినిమా పిచ్చి ఎక్కించింది అన్న హెయిగో. మాటల్లేని మూకీ సినిమాల కాలమది. అమెరికా సినిమాలు, యూరప్ సినిమాలు జపాన్‌కు వచ్చేవి, కానీ వాటికి గొంతు లేదు. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలవడి కథ మొత్తం చెప్పేటోడు. హీరో మాట, హీరోయిన్ ఏడుపు, దొంగ నవ్వు, అన్నీ ఒక్కడే. మన ఒగ్గుకథ చెప్పెటోణ్ని తెర పక్కన నిలవెడ్తె ఎట్లుంటదో గట్ల. వాళ్లను ‘బెన్షి’లు అనేటోళ్లు. జనం సినిమా పేరు కన్న ఫలానా బెన్షి చెప్తుండంట అని టికెట్లు కొనేటోళ్లు. హెయిగో గసొంటి బెన్షి. తమ్ముడు అన్న పక్కన ఉండి ప్రపంచ సినిమా అంత చూసిండు.

అటెన్క అమెరికా నుంచి టాకీ వచ్చింది. తెరే మాట్లాడుతుంటె పక్కన మనిషెందుకు? థియేటర్ల యజమానులు బెన్షిలను తీసేసుడు షురూ చేసిన్రు. బెన్షిలు సమ్మె కట్టిన్రు. ఆ సమ్మెకు నాయకత్వం వహించినోళ్లల్ల హెయిగో ఒకడు. సమ్మె ఓడిపోయింది. 1933ల హెయిగో ప్రాణం తీసుకున్నడు. ముప్పై ఏండ్లు నిండలేదు. ఆయన చావుకు కారణం ఇదొక్కటే అని నేను చెప్పను, మనిషి మనసుల ఎన్నో ఉంటయి. కానీ టాకీలు వచ్చిన సంగతి ఏ సినిమా చరిత్ర పుస్తకం తెరిచినా "విప్లవం" అని ఉంటది. ఆ విప్లవం కింద పడి కైకిలి పోగొట్టుకున్నోళ్ల పేర్లు మాత్రం అంత తేలికగ దొరకవు. తమ్ముడు దునియా మొత్తానికి తెలిసినోడు అయిండు గనుక ఈ అన్న పేరు మనదాక వచ్చింది.

ఇంత జరిగినా కురొసావాకు అమెరికా సినిమా మీద కోపం రాలేదు. జాన్ ఫోర్డ్ అని కౌబాయ్ సినిమాల పెద్ద డైరెక్టర్ ఉండె. ఆయనంటె కురొసావాకు గురుభక్తి. విశాలమైన నేల, దాని మీద చిన్నగ మనుషులు, గుర్రాల దుమ్ము, గాలి, వాన... ఇవన్నీ కెమెరాల ఎట్ల పట్టాలె అన్నది ఫోర్డ్‌ను చూసి నేర్చుకున్నడు. నేర్చుకున్న అని నోరు తెరిచి చెప్పిండు కూడ. పెద్దోడైనంక ఫోర్డ్ లెక్కనే నల్లద్దాలు, టోపి పెట్టుకున్నడని చూసినోళ్లు అంటరు. అంటె కృష్ణ టోపి కథల ఇంకో టోపి!

యుద్ధం అయినంక 1945 నుంచి 1952 దాక జపాన్ అమెరికా సైన్యం చేతుల ఉండె. వాళ్ల సెన్సార్ కత్తి సినిమాల మీద పడ్డది. ఫ్యూడల్ విశ్వాసం, పగ, ప్రతీకారం ఉన్న కథలు బంద్ అన్నరు. కురొసావా 1945ల తీసిన ఒక చిన్న సమురాయ్ సినిమా 1952ల గాని బయటికి రాలేదు. సైన్యం పోయిన రెండేండ్లకు, 1954ల, ఆయన ‘సెవెన్ సమురాయ్’ తీసిండు. మూడున్నర గంటల సినిమా. ఏటా పంట కోతకొచ్చినప్పుడల్ల దొంగలొచ్చి దోచుకపోతుంటె, రైతులు అన్నం పెట్టి ఏడుగురు సమురాయ్‌లను కాపలాకు తెచ్చుకుంటరు. ఇచ్చేది బియ్యపు బువ్వ. రైతులు తినేది చిరుధాన్యం. ఆ ఒక్క ముచ్చట మీదనే సినిమాల ఎంతో నడుస్తది. చివరికి గెలిచింది మనం కాదు, రైతులే అని బతికిన సమురాయ్‌ల పెద్దాయన అనుకుంటడు. ఎనకాల ఊరోళ్లు పాట పాడుకుంట నాటేస్తుంటరు. నాటేసే పొలం నాకు తెలుసు, మా అమ్మ వంగి వంగి నడుము పోగొట్టుకున్న పొలమది. జపాన్ భాష ఒక్క ముక్క రాకున్నా ఆ చివరి సీన్ అర్థం కాలేదంటె నన్ను నేను తిట్టుకోవాలె.

దీన్ని 1960ల హాలీవుడ్ ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ అని తీసింది. జాన్ స్టర్జెస్ డైరెక్టర్. సమురాయ్‌లు పోయి తుపాకుల కౌబాయ్‌లు వచ్చిన్రు, జపాన్ ఊరు పోయి మెక్సికో ఊరు వచ్చింది. దొంగతనం కాదు, హక్కులు కొనుక్కొని, ఇది జపాన్ సినిమా మీద ఆధారపడ్డదని తెర మీద ఏసి మరీ తీసిన్రు. కానీ కథ అమెరికా చేతికి పోంగనే ఏమైందో చూడుండ్రి. ఊరిని కాపాడేది అమెరికా నుంచి దిగొచ్చిన మొనగాళ్లు, కాపాడబడేది మెక్సికో రైతులు. షూటింగ్ మెక్సికోలనే. అంతకుముందు ఒక హాలీవుడ్ సినిమాల తమ జనాన్ని తక్కువ చేసి చూపిన్రని అక్కడి సర్కారుకు మంట ఉండె. అందుకని ఈసారి సెన్సార్ మనిషిని షూటింగ్ కాడనే కూసోవెట్టిన్రు, రైతుల బట్టలు తెల్లగ, సాఫ్ ఉండాలని షరతు పెట్టిన్రు. సినిమా చూస్తె తెలుస్తది, పొలంల పని చేసెటోళ్ల అంగీలు అప్పుడే ఇస్త్రీ చేసినట్టు ఉంటయి! నవ్వొస్తది గాని, ఆలోచిస్తె ఆ సర్కారు చేసింది తన పరువు కోసం చేసిన చిన్న కొట్లాట. మన బొమ్మ ఎట్ల గీస్తరన్నది మా ముందట గీయుండ్రి అన్నరు, అంతే.

2016ల హాలీవుడ్ దాన్ని మళ్ల తీసినప్పుడు కురొసావా, షినోబు హషిమొతో, హిదెయో ఒగుని అని ముగ్గురు రచయితల పేర్లు తెర మీదికి వచ్చినయి. ఏడుగురిల ఒకడు కొరియా నటుడు లీ బ్యుంగ్ హున్. అసల్ సినిమా వచ్చి అప్పటికి అరవై రెండేండ్లు.

ఇగ ‘యోజింబో’ దగ్గరికి వద్దాం. 1964ల ఇటలీల సెర్జియో లియోని అనే డైరెక్టర్ ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీసిండు. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్, అప్పటికి అమెరికా టీవీ సీరియల్ నటుడు. తీసింది స్పెయిన్ దేశంల. కథ అమెరికా-మెక్సికో సరిహద్దుల నడుస్తది. రెండు ముఠాలు, నడుమల ఒక్కడు, శవాల డబ్బాలు చేసే ముసలాయన, సీను ఎంబడి సీను ‘యోజింబో’నే. పుల్ల పోయి నోట్లెకు చుట్ట వచ్చింది. ఇక్కడ మాత్రం ఎవల్నీ అడుగలేదు, పైస ఇయ్యలేదు.

కురొసావా లియోనికి ఉత్తరం రాసిండు. సినిమా మంచిగున్నది గాని అది నా సినిమా అని దాని సారాంశం. సినిమా తీసిన కంపెనీ తోహో తోని కలిసి దావా ఏసిండు. లియోని దిక్కు వాదన కూడ జోరుదే. అసల్ ‘యోజింబో’ సొంతమా? డాషియల్ హామెట్ అనే అమెరికా డిటెక్టివ్ నవలల రచయిత 1929ల ‘రెడ్ హార్వెస్ట్’ రాసిండు. అందుల కూడ ఒకడు వచ్చి ఊర్లె ముఠాలకు ముఠాలకు తగులవెడ్తడు. హామెట్ రాసిన ఇంకో కథను తీసిన ‘ది గ్లాస్ కీ’ సినిమా ప్రభావం నా మీద ఉన్నదని కురొసావా తనే ఒప్పుకున్నడు. అంటె అమెరికా నవల జపాన్‌కు పోయి కత్తి పట్టుకున్నది, అక్కడికెల్లి ఇటలీకి పోయి తుపాకి పట్టుకున్నది, అమెరికోని మొఖం ఏసుకొని తిరిగి అమెరికాకే పోయింది.

ఇక్కడ జర ఆగి చట్టం సంగతి చెప్పాలె, ఎందుకంటె చాయ్ హోటల్ల కాడ "కాపీ" అన్న మాట మనం ఉత్తగనే వాడేస్తం. కాపీరైట్ ఉత్త ఆలోచనకు ఉండది. "ఒకడు వచ్చి రెండు ముఠాలకు తగులవెట్టిండు" అన్నది ఆలోచన, దాన్ని ఎవలైనా తీసుకోవచ్చు. దాన్ని ఏ వరుసల, ఏ పాత్రలతోని, ఏ సంఘటనలతోని చెప్పిన్రు అన్నదానికి హక్కు ఉంటది. హామెట్ దగ్గర కురొసావా తీసుకున్నది ఆలోచన. కురొసావా దగ్గర లియోని తీసుకున్నది ఆలోచన తోని పాటు బట్ట, కుట్టు, గుండీలు, అన్నీ. పంచాయితి కోర్టు బయట తెగింది. ప్రపంచం మొత్తం మీద వచ్చిన రాబడిల 15 శాతం, జపాన్, తైవాన్, దక్షిణ కొరియాలల్ల సినిమా ఆడించుకునే హక్కు కురొసావా దిక్కుకు వచ్చినయి. ఈ లొల్లితోని అమెరికాల ఆ సినిమా 1967 దాక విడుదల కాలేదు. 1996ల హాలీవుడ్ ఇదే కథను ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’ అని తీసినప్పుడు మాత్రం కురొసావా పేరు, ఆయన తోని కలిసి రాసిన ర్యూజో కికుషిమా పేరు సక్కగ ఏసిన్రు. లొల్లి పెట్టినందుకే పేరు దక్కింది అని నా నమ్మకం. ఉత్తరం రాయకుంట, పోనీలే కళ అందరిది అనుకొని ఊరుకుంటె ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

లియోని సినిమాలు దునియా అంత ఆడినయి, మద్రాసుల కూడ ఆడినయి. ఆ ఊపుల 1971ల ఆరుద్ర కథ రాసి, కె.ఎస్.ఆర్. దాస్ డైరెక్షన్ చేసి, కృష్ణ సొంత బ్యానర్ మీద ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. రాజస్థాన్ ఎడారి దాక పోయి తీసిన్రు. తెల్లదొరల కాలం, మన సంస్థానం నిధి, మన పేర్లు, మన మాటలు, మన పాటలు. ఇంగ్లీషులోకి డబ్ చేసి బయటి దేశాలకు కూడ పంపిన్రు. కృష్ణ పోయినంక 2023 మే 31న, ఆయన పుట్టినరోజున, మళ్ల థియేటర్లల్ల ఏస్తె తెల్లజుట్టు అభిమానులు కాయిదాలు ఎగరేసిన్రు. మా సారుకు నేను చెప్పలేకపోయిన జవాబు ఇది. సారూ, మన కృష్ణ కాపీ అయితె అమెరికోడు కూడ కాపీనే, వాళ్ల ఎనకాల జపానోడున్నడు, జపానోని ఎనకాల మళ్ల అమెరికోడే ఉన్నడు. ఈ వరుసల మొదటోడు ఎవడో నాకైతె దొరకలేదు. పాపం సారు ఇప్పుడు లేడు.

అయితె వరుసల అందరూ ఒక్కతీరుగ నిలవడి లేరు. అది చూడకపోతె మోసపోతం.

1960ల దశకం చివర్ల ‘ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్’ స్టూడియో పెర్ల్ హార్బర్ మీద ‘టోరా! టోరా! టోరా!’ సినిమా తీస్తూ జపాన్ భాగానికి కురొసావాను పెట్టుకున్నది. వాళ్ల పద్ధతి వేరు, ఆయన పద్ధతి వేరు. షూటింగ్ మొదలైన కొన్ని వారాలకే ఆయన్ను తీసేసిన్రు. ఆయన పని ఖతం అన్నరు సొంత దేశంల కూడ. 1971ల ఆయన కూడ అన్న తొవ్వనే పట్టబోయి బతికి బయటపడ్డడు. ఆయన 1958ల తీసిన ‘హిడెన్ ఫోర్ట్రెస్’ల ఇద్దరు కొట్లాడుకునే పేద రైతులు ఉంటరు, యుద్ధం కథ మొత్తం వాళ్ల కండ్లతోని నడుస్తది. జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ల రెండు రోబోలు గా ఇద్దరి నుంచే వచ్చినయి, లూకాస్ తనే చెప్పిండు. 1977ల ఆ సినిమాతోని కోట్ల డాలర్లు వచ్చినయి ఫాక్స్‌కు. గురువు దగ్గర మాత్రం సినిమా తీయనీకి పైసలు లేవు. లూకాస్, కొప్పోలా ఇద్దరు నడుమల పడి అదే ఫాక్స్ తోని పైసలు పెట్టించిన్రు. 1980ల ‘కగెముషా’ గట్ల పూర్తయింది. శిష్యులు మంచోళ్లు దొరికిన్రు గనుక ముసలాయనకు పని దొరికింది. మంచోళ్లు దొరకకపోతె? ఒకరి మంచితనం మీద నడిచేదాన్ని ఇచ్చిపుచ్చుకునుడు అనరాదు.

మన సత్యజిత్ రాయ్‌కు గసొంటి శిష్యులు దొరకలేదు. 1967ల ఆయన ‘ది ఏలియన్’ అని స్క్రిప్టు రాసిండు. బెంగాల్ పల్లెటూర్ల చెరువుల ఒక గ్రహాంతర నౌక దిగుతది, అందుల నుంచి వచ్చిన చిన్న ప్రాణికి ఊరి పిల్లగాడు దోస్తు అయితడు. కొలంబియా స్టూడియో తీస్తనన్నది. రాయ్ లాస్ ఏంజెలెస్ పోయి చూస్తె స్క్రిప్టు కాపీల మీద హక్కుదారులుగ ఆయన పేరు ఒక్కటే లేదు, నడుమ దళారి పేరు కూడ ఉన్నది. సినిమా ఆగిపోయింది. 1982ల స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’ వచ్చినంక, నా స్క్రిప్టు సైక్లోస్టైల్ కాపీలు అమెరికాల తిరుగకపోతె ఇది వచ్చేది కాదని రాయ్ అన్నడు. స్పీల్‌బర్గ్ కాదన్నడు. రాయ్ కోర్టుకు పోలేదు. 1992ల ఆస్కార్ గౌరవ పురస్కారం కలకత్త ఆస్పత్రి మంచం మీద అందుకున్నడు, నెల తిరుగకముందే కన్నుమూసిండు. ఎవరిది నిజమో తేల్చనీకి నేను జడ్జిని కాను. కురొసావా ఎనకాల తోహో అసొంటి పెద్ద కంపెనీ ఉండె, రాయ్ ఎనకాల ఏ కంపెనీ ఉండె?

పేరు సరిగ్గ పలుకుడు కూడ ఒక కూలే అని నాకు అనిపిస్తది. 2002ల హాంకాంగ్‌ల ‘ఇన్‌ఫర్నల్ అఫైర్స్’ వచ్చింది. పోలీసుల్ల దొంగ, దొంగల్ల పోలీసు. హాలీవుడ్ హక్కులు కొని 2006ల ‘ది డిపార్టెడ్’ తీసింది, స్కోర్సేసి డైరెక్టర్. నాలుగు ఆస్కార్లు వచ్చినయి, అందుల ఒకటి స్క్రీన్‌ప్లేకు. ఆ అవార్డు ఇచ్చేటప్పుడు ఆ స్టేజీ మీద చదివిన మాట ఏందంటె, ఇది జపాన్ సినిమా ఆధారంగ రాసిందని! దునియా మొత్తం చూస్తున్న టీవీల. పదహారేండ్ల తర్వాత అదే ఆస్కార్ స్టేజీ మీద మన ‘ఆర్‌ఆర్‌ఆర్’ను "బాలీవుడ్" అన్నరు. ‘నాటు నాటు’కు అవార్డు వచ్చిన రాత్రి మనం సంబురపడ్డం, నేను కూడ మిఠాయి పంచిన. రాసింది చల్లగరిగె పిలగాడు చంద్రబోస్, పాడినోళ్లల్ల ఒకడు మన పాతబస్తీల తిరిగిన రాహుల్. కానీ అక్కడ స్టేజీ మీద ఆ పాటకు ఎగిరినోళ్లల్ల మన దిక్కు మొఖాలు కనిపించలేదని అమెరికాల ఉన్న మనోళ్లే అడిగిన్రు. అమెరికాల మన డ్యాన్సు నేర్చుకొని పని కోసం తిరుగుతున్న మన పిల్లలు ఎంతమంది లేరు? స్టెప్పు వచ్చింది, స్టెప్పు ఏసే కాళ్లకు పని రాలేదు.

కాళ్ల ముచ్చట వచ్చింది గనుక హాంకాంగ్ దిక్కు ఒక్కసారి చూడాలె. 1999ల ‘ది మ్యాట్రిక్స్’ చూసి దునియా నోరెళ్లబెట్టింది. గోడల మీద నడుచుడు, గాలిల ఆగి తన్నుడు. ఆ కొట్లాటలు కట్టింది యువెన్ వూ పింగ్, హాంకాంగ్ కుంగ్ ఫూ సినిమాల ఉస్తాద్. జాకీ చాన్‌ను 1978ల స్టార్ చేసిన డైరెక్టర్ కూడ ఆయనే. హాలీవుడ్ నటులను నెలల తరబడి కొట్లాట నేర్పి తాళ్లకు వేలాడగట్టిండు. ఈ తాళ్ల విద్య హాంకాంగ్ స్టంటోళ్లు ఎముకలు ఇరగ్గొట్టుకొని సంపాయించుకున్నది. ‘మ్యాట్రిక్స్’కు నాలుగు ఆస్కార్లు వచ్చినయి, ఎడిటింగ్‌కు, శబ్దానికి రెండు, విజువల్ ఎఫెక్ట్స్‌కు. కొట్లాటకు లేదు, ఎందుకంటె స్టంట్లకు ఆస్కారే లేదు. 1929ల మొదలైన అవార్డులు స్టంటోళ్లను గుర్తిస్తమని 2025 ఏప్రిల్‌ల గాని ప్రకటించలేదు, అదీ 2027ల వచ్చే సినిమాల నుంచి.

ఇగ ఆ తాడు సంగతి. తెర మీద తాడు కనపడద్దు గద? దాన్ని కంప్యూటర్ల తుడిచెయ్యాలె. సెకనుకు 24 ఫ్రేములు. ఐదు సెకన్ల దెబ్బలాటంటె 120 బొమ్మలు, బొమ్మ బొమ్మకు తాడును చెరిపి ఎనకాల గోడనో మబ్బునో అతికియ్యాలె. దీన్ని ‘పెయింట్’ అంటరు. మనిషి చుట్టూ గీత గీసి ఎనకాలి నుంచి కత్తిరించే పనిని ‘రోటో’ అంటరు. కండ్లు పోయే పని. హాలీవుడ్ సినిమాల ఈ పనిల పెద్ద వాటా చాలా ఏండ్ల నుంచి ముంబై, బెంగళూరు, చెన్నై, మన హైదరాబాద్‌లల్ల నడుస్తున్నది.

‘లైఫ్ ఆఫ్ పై’ యాదికున్నది గద. 2012. తైవాన్ డైరెక్టర్ ఆంగ్ లీ, పాండిచ్చేరి పిల్లగాని కథ, సముద్రం తైవాన్‌ల కట్టిన నీళ్ల తొట్టి, పైసలు హాలీవుడ్‌వి. పడవల పులి ఎక్కువ షాట్లల్ల కంప్యూటర్ల పుట్టిందే. ఆ పులిని చేసిన కంపెనీ లాస్ ఏంజెలెస్‌ల ‘రిథమ్ అండ్ హ్యూస్’, దానికి హైదరాబాద్‌ల, ముంబైల కూడ శాఖలు ఉండె. ఆసియా, అమెరికా కలిసి చేసిన సినిమా అంటె ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకది. సినిమా అరవై కోట్ల డాలర్ల దగ్గర వసూలు చేసింది. 2013 ఫిబ్రవరిల ఆస్కార్లకు రెండు వారాల ముందు ‘రిథమ్ అండ్ హ్యూస్’ దివాలా పిటిషన్ ఏసింది. అవార్డుల రాత్రి థియేటర్ బయట వందలమంది విజువల్ ఎఫెక్ట్స్ పనోళ్లు ప్లకార్డులు పట్టుకొని నిలవడ్డరు. లోపల వాళ్ల నాయకునికి అవార్డు ఇచ్చిన్రు. ఆయన మా కంపెనీ కష్టాలల్ల ఉన్నదని చెప్పబోంగనే ‘జాస్’ సినిమాల షార్క్ వచ్చేటప్పటి మ్యూజిక్ ఏసి మైకు కోసేసిన్రు. ఉత్తమ డైరెక్టర్ అవార్డు అందుకున్న ఆంగ్ లీ చానమందికి థ్యాంక్స్ చెప్పిండు. పులిని చేసినోళ్లు ఆ మాటలల్ల తమ కోసం ఎతుక్కొని బాధపడ్డరు.

కోట్లు వసూలైన సినిమాకు పని చేసిన కంపెనీ ఎట్ల మునుగుతది? ఈ దందా నడిచే తీరే గట్ల. స్టూడియోలు పనిని గుత్తకు ఇస్తయి, ఇన్ని షాట్లకు ఇంత అని. డైరెక్టర్ పదిసార్లు మార్చమంటె పదిసార్లు మార్చాలె, రేటు మాత్రం మారది. పైన ఏ దేశం పన్ను రాయితీ ఎక్కువిస్తె పని ఆ దేశానికి ఉరుకుతది, పనోడు మూట కట్టుకొని ఎంబడి ఉరుకాలె. అమెరికా పనోళ్లు మా పని ఇండియోళ్లు గుంజుకున్నరు అంటరు. కానీ ‘లైఫ్ ఆఫ్ పై’కి, ‘జంగల్ బుక్’కు పని చేసి పేరు తెచ్చుకున్న ఎంపీసీ, దాని తల్లి కంపెనీ టెక్నికలర్ 2025 ఫిబ్రవరిల కూలిపోయినప్పుడు రోడ్డున పడ్డది లండన్ పనోడు, బెంగళూరు పనోడు ఒక్కతీరుగనే. బెన్షిలకు ఉన్నపాటి సమ్మె కూడ వీళ్లకు లేదు, మన దగ్గర ఈ పిల్లలకు యూనియన్ ఏది?

మా అక్క కొడుకు ఇదే పనిల ఉన్నడు. డిగ్రీ అయినంక ఆరు నెలల కోర్సు చేసి, మాదాపూర్ దిక్కు ఒక ఆఫీసుల చేరిండు. రాత్రి డ్యూటీలు ఎక్కువ, గడువు దగ్గర పడ్డదంటె ఆఫీసులనే పండుడు. పోయినేడు ఒక పెద్ద హాలీవుడ్ సినిమా వస్తె, "మామా, నేను చేసిన షాట్ ఉన్నది, పోదాం పా" అని తోల్కపోయిండు. గంటన్నర అయినంక మోచేతితోని పొడిచిండు. "ఇగో, గిదే." ఎవడో పై నుంచి దుంకిండు, మూడు సెకన్లు. నాకేం కనవడలేదు, ఏం చేసినవురా అన్న. "ఆడ తాడు ఉండె మామా. కనవడలేదు గద? కనవడకపోతెనే పని మంచిగైనట్టు" అన్నడు.

సినిమా అయిపోయింది. జనం లేచి పోతున్నరు. తెర మీద పేర్లు మొదలైనయి, చీమల బారు లెక్క. అల్లుడు లేచి నిలవడ్డడు. కూసో, నీ పేరు వస్తది చూద్దామన్న. "మా దగ్గర రెండొందల మందిమి చేసినం మామా, కంపెనీ పేరు ఏస్తరు, మావి ఏయ్యరు" అన్నడు. అయినా కూసున్న. పది నిమిషాలు పేర్లు పోతనే ఉన్నయి. వంట చేసినోళ్ల పేర్లు, కార్లు తోలినోళ్ల పేర్లు, ఆ ఊర్ల షూటింగ్‌కు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసు పేరు. ఏయాల్సిందే, వాళ్ల యూనియన్లు కొట్లాడి ఏయించుకున్నయి. అల్లుని కంపెనీ పేరు వచ్చింది, సరిగ్గ చదివేలోపే పైకి పోయింది. చీపురు పట్టుకొని ఇద్దరు ఆడోళ్లు లోపలికి వచ్చిన్రు, మా కాళ్ల కాడి పాప్‌కార్న్ డబ్బ తీసుకుంట "అన్నా, అయిపోయింది" అన్నరు.